దేవమాలి ముసురులో వణక్కుండా తిరిగి రావాలంటే: సరిహద్దు కొండలకు బట్టలు ఎలా సర్దుకోవాలి, ఏ వరుసలో వేసుకోవాలి

సాలూరు దాటి, సుంకి ఘాటీ ఎక్కి ఒడిశాలోని మా సునాబెడ వచ్చే చుట్టాలందరూ ఫోన్‌లో అడిగేది ఒకటే. "అక్కడ చలి బాగా ఉంటుందా? స్వెట్టర్ తెచ్చుకోమంటావా?" ఈ మధ్య చుట్టాలు కానివాళ్లు కూడా అడుగుతున్నారు. అందుకే అందరికీ కలిపి ఒకసారి వివరంగా రాస్తున్నాను.

స్వెట్టర్ తెచ్చుకోండి, కానీ అడగాల్సిన ప్రశ్న అది కాదు. "తడిస్తే మార్చుకోడానికి ఏం తెచ్చుకోవాలి?" అని అడగండి. మా కొండల మీద జనాన్ని పడగొట్టేది ఒట్టి చలి కాదు. తడి, దాని మీద గాలి. నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఇక్కడ చెప్పేదంతా ఆ రెండింటినీ ఒంటికి దూరంగా ఉంచడం గురించే.

1. ముందు లెక్క: ఏ నెల, ఏ కొండ

దేవమాలి ఎత్తు 1,672 మీటర్లు. ఒడిశాలో ఇంతకంటే ఎత్తైన కొండ లేదు. పర్లాకిమిడి వైపు మహేంద్రగిరి 1,501 మీటర్లు. ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతాయని లెక్క వేసుకోండి. విజయనగరంలో 28 డిగ్రీలు ఉన్న రోజున దేవమాలి నెత్తిన 18 దగ్గర ఉంటుంది.

"పద్దెనిమిదంటే మా ఆఫీసులో ఏసీ అంత" అన్నాడు మా బావ. తడి జీన్స్ వేసుకుని, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ ఫుల్లులో పెట్టుకుని, ఆ ఏసీలో రెండు గంటలు కూర్చుని చూడమన్నాను. దేవమాలి పైభాగమంతా గడ్డి బయలు. గాలికి అడ్డుగా చెట్టంటూ ఉండదు.

నెలను బట్టి ఇలా ఆలోచించండి:

- జూన్ నుంచి సెప్టెంబర్: ముసురు, మబ్బు, గాలి. తడవడం ఖాయమనుకునే బయల్దేరండి.
- అక్టోబర్ నుంచి డిసెంబర్ మొదటి వారాలు: చాలామంది పొరపడేది ఇక్కడే. వానలు వెళ్లిపోయాయనుకుంటారు. వాయుగుండం పడిందంటే చలి, వాన కలిసి వస్తాయి.
- డిసెంబర్ నడుమ నుంచి ఫిబ్రవరి: వాన తక్కువ, మంచు ఎక్కువ. తెల్లవారుజామున గడ్డిలో పది నిమిషాలు నడిస్తే ప్యాంటు మోకాళ్ల దాకా తడుస్తుంది. మబ్బు లేని రాత్రి చల్లగాలి బరువెక్కి పల్లానికి దిగుతుంది కాబట్టి, ఒక్కోసారి కొండ మీద కంటే కింద లోయలో ఊళ్లే ఎక్కువ చల్లబడతాయి. బస కిందే కదా అని రాత్రికి కంబళి మానేయకండి.

వెళ్లే ముందు రోజు రాత్రి మౌసమ్ యాప్, పిడుగులకు దామిని యాప్ చూడండి. తుపాను హెచ్చరిక ఉంటే బట్టల ప్రస్తావనే అక్కర్లేదు, ప్రయాణం మానుకోండి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, మహేంద్రగిరి ఉన్న గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. అలాంటి రోజున ఎంత ఖరీదైన జాకెట్టయినా పనికిరాదు.

2. బకెట్ పరీక్ష

కొత్త బట్టలు కొనే ముందు ఇంట్లో ఉన్నవాటికే ఈ పరీక్ష పెట్టండి. బయల్దేరడానికి రెండు రోజుల ముందు చేస్తే చాలు.

మీరు వేసుకుందామనుకున్న బనియన్, టీషర్టు, ప్యాంటు, స్వెట్టర్ అన్నీ బకెట్‌లో ముంచండి. గట్టిగా పిండి, ఫ్యాన్ కింద ఆరేయండి. గంట తర్వాత ఒక్కొక్కటీ తీసి చెంపకు ఆనించి చూడండి.

మా ఇంట్లో చూసినప్పుడు పిల్లాడి ఆటల జెర్సీ దాదాపు ఆరిపోయింది. నూలు బనియన్ చల్లగా, జిగటగా ఉంది. జీన్స్ సంగతి చెప్పక్కర్లేదు, నడుము పట్టీ దగ్గర నొక్కితే ఇంకా నీళ్లు ఊరుతున్నాయి. కొండ మీద ఆ పట్టీ ఆనేది మీ కడుపుకే.

కారణం పెద్ద రహస్యమేం కాదు. మామూలు గాల్లో ఉన్న తేమనే నూలు తన బరువులో ఎనిమిది శాతం దాకా పీల్చి పెట్టుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పీల్చదు. ఉన్ని తేమ పీలుస్తుంది గానీ, తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. ఎండాకాలం బరంపురంలో నూలుకు మించింది లేదు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కొండ మీద వానలో మాత్రం అదే నూలు తడిగుడ్డ పట్టీ అయి కూర్చుంటుంది.

పరీక్షలో తప్పినవి కారులో ఉంచుకోండి. దిగాక వేసుకోడానికి పనికొస్తాయి.

3. మూడు పొరలు: ఏది ఎందుకు

లావు జాకెట్ ఒకటి వేసుకోవడం కంటే పలచటివి మూడు మేలు. వేడెక్కితే ఒకటి తీయొచ్చు, చలేస్తే ఒకటి వేసుకోవచ్చు.

*చర్మానికి ఆనేది.* పాలిస్టర్ టీషర్టు, ఆటలకు వేసుకునే రకం. లోపల నూలు బనియన్ వద్దు. చాలామంది పైన అన్నీ సరిగ్గా వేసుకుని ఇక్కడ తప్పుతారు. చెమట పట్టేది ఈ పొరకే, ఆరాల్సిందీ ఇదే. కిందికి ట్రాక్ ప్యాంటు. ఆడవాళ్లకు నూలు లెగ్గింగ్స్ బదులు అదే ట్రాక్ ప్యాంటు, పైన మోకాళ్లు దాటని కుర్తా. చున్నీ బ్యాగులో పెట్టుకోండి. గాలికి ముళ్లపొదలో చిక్కుకుంటుంది, తడిస్తే మెడకు చుట్టిన తడి తువ్వాలే.

*వేడి నిలిపేది.* ఫ్లీస్ జాకెట్ గానీ ఉన్ని స్వెట్టర్ గానీ. బజార్లో ఉన్ని పేరుతో అమ్మేవాటిలో చాలావరకు యాక్రిలిక్, ఫర్వాలేదు, అదీ నూలు కంటే త్వరగా ఆరుతుంది. లోపల పత్తి లాంటి గుడ్డ ఉండే హుడీ మాత్రం వద్దు. చూడ్డానికి లావుగా ఉంటుంది, తడిస్తే మూడు రోజులు ఆరదు. ఈకలు నింపిన ఉబ్బు జాకెట్ పొడి చలికి బాగుంటుంది గానీ, తడిస్తే ఈకలు ముద్దకట్టి దండగవుతుంది.

*గాలిని, వానను ఆపేది.* బండి మీద వేసుకునే రెండు ముక్కల రెయిన్‌కోటు చాలు. దానికో లోపం ఉంది: చెమట బయటికి పోదు. ఎక్కేటప్పుడు మెడ దగ్గర జిప్పు ఓ జానెడు తెరిచి ఉంచండి. కొనేటప్పుడు కుట్లను లోపలి నుంచి చూడండి. కుట్టు మీద పట్టీ అతికించి ఉంటే మంచిది, లేకపోతే భుజాల దగ్గర ముందు కారేది అక్కడే.

గొడుగు రోడ్డు మీద పనికొస్తుంది, గడ్డి బయల్లో పనికిరాదు. మొదటి గాలికే తిరగబడుతుంది. ఉరుములు వినిపిస్తుంటే బయల్లో గొడుగెత్తుకుని నిలబడే మాటే వద్దు, వెంటనే దిగి కారులో కూర్చుని అద్దాలు మూసుకోండి. నాట్లు వేసే రైతు వాడే గిడుగు చూడండి. తల, వీపు కప్పుతుంది, రెండు చేతులూ ఖాళీ. వాన బట్ట కొనేటప్పుడు అదే గుర్తు పెట్టుకోండి: చేతులు ఖాళీగా ఉండాలి.

తలకు మంకీ క్యాప్. నవ్వేవాళ్లు నవ్వనీండి. చేతులకు మామూలు ఉన్ని గ్లోవ్స్, వాటి మీద గిన్నెలు తోముకునే రబ్బరు గ్లోవ్స్ ఒక సైజు పెద్దవి తొడిగితే నీరు దిగదు. ఫొటోల్లో అందంగా ఉండదు, వేళ్లు మాత్రం కొంకర్లు పోవు.

4. కాళ్లు

హవాయి చెప్పులు, క్రాక్స్, అరిగిన కాన్వాస్ షూ, మడమ ఎత్తు చెప్పులు నాలుగూ ఇంట్లోనే. తడి గడ్డి, ఎర్రమట్టి కలిస్తే సబ్బురాయి మీద నడిచినట్టే. బూటు తిరగేసి అడుగున గాడుల్లో బొటనవేలి గోరు పెట్టి చూడండి. గోరు దిగేంత లోతు ఉంటే పనికొస్తుంది. కొత్త బూట్లయితే కనీసం వారం రోజులు ఊళ్లో వేసుకుని తిరగండి, బొబ్బలు అక్కడే తేలిపోతాయి.

సాక్సులు మూడు జతలు. ఒకటి కాళ్లకు, ఒకటి బ్యాగులో, ఒకటి కారులో. ఒట్టి నూలువి కాకుండా పాలిస్టర్ లాంటివి కలిసినవి. బూటు లోపల తడిసిపోతే ఇలా చేయండి: పాదం తుడుచుకుని పొడి సాక్సు వేసుకోండి, దాని మీద ప్లాస్టిక్ కవరు తొడగండి, ఆపై తడి బూటు. కిందికి దిగేదాకా పాదం వెచ్చగా ఉంటుంది.

వానాకాలం జలగలుంటాయి. ప్యాంటు చివర్లు సాక్సుల్లోకి దోపండి. పట్టుకుంటే కంగారుపడి లాగకండి. సన్నటి కొన దగ్గర గోరు పెట్టి పక్కకు జరిపితే వదిలేస్తుంది.

5. బ్యాగు సర్దడం

బ్యాగు పైన వేసే రెయిన్ కవరును నమ్మకండి. వీపు వైపు నుంచి, పట్టీల వెంట నీరు దిగుతుంది. బ్యాగు లోపలే మందపాటి పెద్ద ప్లాస్టిక్ సంచి పరచి, అందులో సామాను పెట్టి, మూతి మెలితిప్పి దోపండి.

అడుగు నుంచి పైకి ఈ వరుసలో:

- అడుగున, విడిగా ఇంకో కవరులో మూటకట్టిన పొడి జత: టీషర్టు, ట్రాక్ ప్యాంటు, లోదుస్తులు, సాక్సులు, తువ్వాలు. "కాస్త చలేస్తోంది" అని దారిలో దీన్ని తీయకూడదు. ఆఖరి నడక అయ్యాక గానీ, ఎవరికైనా వణుకు పట్టుకున్నప్పుడు గానీ విప్పాలి.
- దాని మీద స్వెట్టర్ లేదా ఫ్లీస్.
- తినేవి: బెల్లం చిక్కీ, ఖర్జూరం, వేరుశనగలు. ఒంట్లో వేడి పుట్టాలంటే కడుపులో ఏదో పడాలి.
- ఫ్లాస్కులో తీపి టీ.
- అన్నిటికంటే పైన రెయిన్‌కోటు, మంకీ క్యాప్, గ్లోవ్స్.
- జేబులో టార్చి, కవరులో చుట్టిన ఫోను. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, లోపలి జేబులో పెట్టుకోండి.

రెయిన్‌కోటు అడుగున ఉంటే, దాన్ని తీసేలోపు పైనున్నవన్నీ తడుస్తాయి. చెప్పడానికి చిన్న సంగతి, చేసేవాళ్లు తక్కువ.

6. ఆ రోజు: ఎప్పుడు వేయాలి, ఎప్పుడు తీయాలి

సరైన బట్టలుండి కూడా వణికేవాళ్లను చూశాను. వేళ తప్పడమే వాళ్ల తప్పు.

బయల్దేరేటప్పుడు కొంచెం చలిగానే ఉండాలి. కారు దిగగానే స్వెట్టర్, దాని మీద జాకెట్, మంకీ క్యాప్ అన్నీ తగిలించి ఎక్కడం మొదలుపెడితే పావుగంటలో లోపల చెమట కారుతుంది. వాన పడకుండానే తడిసిపోయారు. టీషర్టు మీద పలచటి పై పొరతో మొదలుపెట్టి, పది నిమిషాలకు ఒకసారి ఆగి చూసుకోండి. వీపుకు చెమట పడితే ఒకటి తీయండి.

మొదటి తుంపరకే రెయిన్‌కోటు వేయండి. "ఆగిపోతుందిలే" అని చూసే ఐదు నిమిషాల్లో పోయేదంతా పోతుంది.

ఆగిన వెంటనే స్వెట్టర్, చలేసేదాకా ఆగకుండా. నడుస్తున్నంతసేపు ఒళ్లే పొయ్యి, ఆగితే పొయ్యి ఆరినట్టే. ఫొటోలకు పావుగంట నిలబడతారు కదా, స్వెట్టర్ వేసుకుని నిలబడండి. పట్టుచీరతోనే ఫొటో కావాలంటే చీర బ్యాగులో తెచ్చుకుని, మబ్బు విడిచినప్పుడు ట్రాక్ ప్యాంటు మీదే చుట్టుకుని తీయించుకోండి. మా పిన్ని అలాగే తీయించుకుంది, కుచ్చిళ్ల కింద బూట్లున్నాయని ఎవరికీ తెలియలేదు.

చంటిపిల్లల సంగతి వేరే చెప్పాలి. తండ్రి వీపున మోస్తుంటాడు, ఆయనకు చెమట. తనకు ఉక్కగా ఉంది కదా అని పిల్ల స్వెట్టర్ విప్పుతాడు. పిల్ల కదలడం లేదు, దానికి వేడి పుట్టదు. చిన్న ఒళ్లు కాబట్టి పెద్దవాళ్లకంటే త్వరగా చల్లబడుతుంది కూడా. మోసే పిల్లకు మీ కంటే ఒక పొర ఎక్కువ ఉండాలి. పావుగంటకోసారి మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి.

శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కేవాళ్లకు ఒక మాట. ఉపవాసం, జాగరణ, తెల్లవారుజాము మంచు, నూలు పంచె అన్నీ ఒకేసారి కలుస్తాయి. దర్శనానికి పంచె కట్టుకోండి, ఎక్కేటప్పుడు దిగేటప్పుడు వద్దు. ఉపవాసంలో పళ్లు, పాలు, బెల్లం తినే ఆచారం మీ ఇంట్లో ఉంటే వాటిని బ్యాగులో వేసుకోండి.

7. నేను చేసిన తప్పు, అందరూ చేసేవి

మొదట్లో ఏసీ మాట అన్న ఆ బావతోనే ఒక సెప్టెంబర్‌లో దేవమాలి వెళ్లాను. కారు పైదాకా వద్దు, కింద నుంచి నడుద్దాం అన్నాడు. జీన్స్, నూలు టీషర్టు. సగం దారిలో వాన పట్టుకుంది, అరగంట వదల్లేదు.

వణుకుతున్నాడని నా పొడి స్వెట్టర్ తీసి అతని తడి టీషర్టు మీదే వేశాను. పది నిమిషాల్లో అదీ తడిసింది. ఇప్పుడు ఇద్దరం వణుకుతున్నాం, పొడి బట్ట ఒక్కటీ లేదు. కారు దగ్గరికి చేరాక బావ తాళంచెవి డోరులో పెట్టలేకపోయాడు. వేళ్లు వంగడం లేదు. జీన్స్ బొత్తాం కూడా నేనే విప్పాల్సి వచ్చింది. ఆ ముచ్చట మా అక్క ఇప్పటికీ పెళ్లిళ్లలో చెప్పి నవ్విస్తుంది. ఆ రోజు మాత్రం మా ఇద్దరికీ నవ్వు రాలేదు.

చేయాల్సింది ఏమిటంటే, ముందు టీషర్టు విప్పించి, ఒళ్లు తుడిచి, అప్పుడు స్వెట్టర్ వేసి, పైన రెయిన్‌కోటు కప్పాలి. వానలో చొక్కా విప్పడం అర నిమిషం కష్టమే. ఆ అర నిమిషానికి ఇద్దరు రెయిన్‌కోటు పరదాలా పట్టుకుంటే చాలు.

తరచూ చూసే మిగతావి:

- *జీన్స్‌తోనే వచ్చేశారు, వేరేది లేదు.* జీన్స్ పైనే రెయిన్‌కోటు ప్యాంటు ముందుగా వేసుకోండి. అదీ లేకపోతే ఎక్కడం మానేసి కారు వెళ్లినంత వరకే వెళ్లి చూసి రండి.
- *రెయిన్‌కోటు మర్చిపోయారు.* పెద్ద చెత్త సంచికి అడుగున తల పట్టేలా, పక్కల చేతులు పట్టేలా కత్తిరించి తొడుక్కోండి. పిల్లలకు మాత్రం మెడకు బిగుసుకోకుండా కన్నం వెడల్పుగా ఉండాలి, ముఖం మీదికి రాకూడదు.
- *బండి మీద తడిబట్టలతో తిరుగు ప్రయాణం.* ఘాటీలో గాలి ఛాతీకి నేరుగా కొడుతుంది. పొడి చొక్కా మార్చుకుని, చొక్కాకు జాకెట్టుకు మధ్య దినపత్రిక నాలుగు మడతలు పెట్టి జిప్పు వేసుకోండి. గాలి లోపలికి రాదు.
- *వెచ్చదనానికి మందు.* తాగితే చర్మం వెచ్చబడినట్టుంటుంది, లోపలి వేడి బయటికి పోతుంది. దిగి, ఆరి, అన్నం తిన్నాక మీ ఇష్టం.
- *మూసిన గదిలో నిప్పుల కుంపటి.* బొగ్గు కాలి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. చలిమంట ఆరుబయటే. గదిలో గానీ, టెంటులో గానీ, కారులో గానీ కుంపటి పెట్టొద్దు.

8. ఎవరికైనా చలి తలకెక్కితే

ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కంటే తగ్గితే ప్రమాదం. దానికి గడ్డకట్టే చలి అక్కర్లేదు. తడి, గాలి, అలసట కలిస్తే పది డిగ్రీల దగ్గర కూడా వస్తుంది. గుర్తులు: ఆగని వణుకు, మాట ముద్దగా రావడం, తడబడే నడక, చేతిలోవి జారిపోవడం, "నన్నొదిలేయండి, ఇక్కడే కూర్చుంటా" అనడం.

ఈ వరుసలో చేయండి:

1. గాలి తగలని చోటికి, వీలైతే కారులోకి చేర్చండి.
2. తడివన్నీ విప్పి, అద్ది తుడిచి, బ్యాగు అడుగున ఉన్న పొడి జత వేయండి. తలకు టోపీ.
3. కింద ఏదైనా పరిచి కూర్చోబెట్టండి. తడి నేల కింద నుంచి వేడి లాగేస్తుంది.
4. కంబళి చుట్టి, పక్కన ఒకరు ఆనుకుని కూర్చోండి.
5. స్పష్టంగా మాట్లాడుతూ, మింగగలిగితేనే తీపి టీ గుక్కగుక్కగా పట్టండి.

కాళ్లూ చేతులూ గట్టిగా రుద్దకండి. మంటకు ఆనించకండి, స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు.

ఇంకొకటి జాగ్రత్తగా చూడండి. వణుకు ఆగిపోయి, మనిషి మత్తుగా అయిపోతే తగ్గిందని సంబరపడకండి, ముదిరిందని అర్థం. నడిపించకండి. పడుకోబెట్టి, కదపకుండా, 108కి ఫోన్ చేయండి. కొండ మీద సిగ్నల్ ఉన్న చోటు ఎక్కడో ఎక్కేటప్పుడే గుర్తు పెట్టుకుని ఉంచుకోవాలి.

9. దిగాక

ముందు తడివన్నీ మార్చుకుని, తర్వాతే టీ కొట్టు దగ్గర ఆగండి. చాలామంది తడిబట్టలతోనే వేడి పకోడీల కోసం గంట నిలబడతారు, జలుబు కాదు గానీ వణుకు మళ్లీ మొదలవుతుంది.

బూట్లలో దినపత్రికలు ఉండలు చుట్టి కుక్కండి, రాత్రి ఒకసారి మార్చండి. హీటరు ముందు పెడితే అడుగు ఊడిపోతుంది. రెయిన్‌కోటు తడిగా మడిచి డిక్కీలో వదిలేయకండి. నీడలో లోపలి వైపు బయటికి తిప్పి ఆరేయండి, లేకపోతే మళ్లీ ఏడాది తీసేసరికి ముక్కిపోయిన వాసనతో మడతల దగ్గర అంటుకుపోయి ఉంటుంది.